పోయిన శక్తి ఎవరి మీద పోయింది?

ఇంటర్ ఫస్ట్ ఇయర్ నుంచి మనందరికీ కంఠతా వచ్చిన వాక్యం ఒకటుంది. "అస్థితిస్థాపక అభిఘాతంలో ద్రవ్యవేగం నిత్యత్వంగా ఉంటుంది, గతిజశక్తి కొంత నష్టమవుతుంది." ఇంగ్లీషు మీడియం వాళ్లకైనా, తెలుగు మీడియం వాళ్లకైనా ఇదే వాక్యం, ఇవే రెండు మార్కులు. బీటెక్‌లో చేరినంక ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో మళ్లీ ఇదే వస్తది. ఈసారి ప్రత్యావస్థాన గుణకం అనే పెద్ద పేరు తగిలించుకొని వస్తది. ప్రాబ్లం చేస్తాం, చివర్లో "గతిజశక్తి నష్టం ఇన్ని జౌల్స్" అని రాసి కింద రెండు గీతలు కొడతాం. అయిపోయింది.

నా పంచాయితీ అంతా ఆ "నష్టం" అనే మాట మీదనే. శక్తి నశించదు అని అదే పుస్తకంలో నాలుగు పేజీల అవతల చదివినోళ్లం, ఇక్కడికొచ్చేసరికి నష్టమైంది అని ఎట్ల రాస్తున్నాం? లెక్క ప్రకారం అది గతిజశక్తి ఖాతాలోంచి పోయింది, నిజమే. కానీ ఏదో ఒక ఖాతాలో జమ అయ్యే ఉంటది. ఎక్కడ జమ అయింది అని అడగకుండా పాసైపోవడం మనకు అలవాటైంది. ఆ ప్రశ్న అడగడం నేర్పితే తప్ప ఈ పాఠం పూర్తయినట్టు కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి సిరిసిల్ల దాకా, కోరుట్ల దాకా, మన జగిత్యాల పక్కనే ఉన్న కొండగట్టు దాకా పోతే చాలు.

ముందు అసలు విషయం ఒకసారి గుర్తు చేసుకుందాం. చిన్నప్పుడు గోటీలు ఆడినోళ్లకు ఇది చేతికి తెలిసిన విద్యే. ఒకే సైజు గోటీని గురి చూసి నేరుగా కొడితే, కొట్టిన గోటీ అక్కడే ఆగిపోతది, దెబ్బ తిన్న గోటీ దాదాపు అదే వేగంతో ఎగిరిపోతది. ద్రవ్యవేగం చేతులు మారింది, గతిజశక్తి కూడా దాదాపు పూర్తిగా చేతులు మారింది. ఇది స్థితిస్థాపక అభిఘాతానికి దగ్గరి ఉదాహరణ. అదే గోటీని తడి బంకమట్టి ముద్దలోకి విసిరితే లోపల కూరుకుపోయి ఆగిపోతది. ముద్ద కొంచెం కదులుతది, మట్టిలో గుంట పడుతది. ద్రవ్యవేగం లెక్క ఇక్కడ కూడా సరిపోతది. గతిజశక్తిలో ఎక్కువ భాగం మాత్రం గుంట చేయడానికే ఖర్చయింది. అంటే "నష్టం" అని మనం రాసే అంకె నిజానికి ఆ గుంట ఖరీదు.

ఈ గుంటతోనే యూరప్‌లో ఒక పెద్ద వాదం తేలింది. కదిలే వస్తువులో ఉన్న "బలం" ఎంత అన్న ప్రశ్నకు డెకార్ట్ దారిలో నడిచినవాళ్లు ద్రవ్యరాశిని వేగంతో హెచ్చవేయాలన్నారు. 1686లో లైబ్నిజ్ కాదన్నాడు, వేగం వర్గంతో హెచ్చవేయాలన్నాడు. తర్వాత డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండ్ ఇత్తడి గోళాలను మెత్తటి మట్టి మీద పడేసి చూశాడు. వేగం రెండింతలైతే గుంట రెండింతలు కాలేదు, నాలుగింతలైంది. ఫ్రాన్స్‌లో ఎమిలీ దు షాత్లే 1740లో అచ్చయిన తన పుస్తకంలో ఈ ప్రయోగాలను చూపించి లైబ్నిజ్ పక్షం వాదించింది. ఇవాళ మనకు తెలుసు, ఇద్దరిదీ నిజమే. రెండూ రెండు వేర్వేరు రాశులు. కానీ "దెబ్బ ఎంత లోతుగా తగుల్తది" అని అడిగితే జవాబు చెప్పేది వేగం వర్గమే. ఆ మాటను మన పరీక్ష పేపర్ ఎక్కడా అడగదు.

ఇక సిరిసిల్లకు పోదాం. అక్కడి వీధుల్లో పొద్దున నడిస్తే ముందు వినపడేది సాంచాల సప్పుడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటరు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినంక బయటి జిల్లాల వాళ్లకు కూడా ఈ ఊరు టీవీలో బాగా కనిపించింది. కానీ టీవీలో సౌండ్ తగ్గించి చూపిస్తరు. షెడ్డులోకి పోతే పక్కనున్న మనిషి చెవిలో అరిస్తే గాని మాట వినపడదు.

ఆ సప్పుడు ఎక్కడి నుంచి వస్తది? పాత రకం సాంచాలో పడుగు పోగుల మధ్య పేక పోగును తీసుకుపోయేది నాడె, అదే షటిల్. దాని కడుపులో కండె ఉంటది. ఒకవైపు కర్ర దాన్ని తంతది, అది ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోయి పెట్టెలో పడి ఆగుతది. మళ్లీ అటు నుంచి తన్ను, ఇటు వచ్చి ఆగుడు. 1733లో ఇంగ్లండులో జాన్ కే ఎగిరే నాడెను తెచ్చిన నాటి నుంచి మూల సూత్రం ఇదే.

ఒక సుమారు లెక్క వేద్దాం. నాడె బరువు 400 గ్రాములు, వేగం సెకనుకు 12 మీటర్లు అనుకోండి. గతిజశక్తి దాదాపు 29 జౌల్స్. నిమిషానికి 120 సార్లు పోతదనుకుంటే సెకనుకు రెండు సార్లు, అంటే సుమారు 58 వాట్లు. ఇదంతా ఎటు పోయింది? నాడె ఆ కొసకు చేరి సున్నా వేగంతో ఆగింది, తిరిగి వచ్చేటప్పుడు మోటారు మళ్లీ మొదటి నుంచి శక్తి ఇచ్చింది. ప్రతి పోగుకూ ఒక అస్థితిస్థాపక అభిఘాతం. పేక పోగు బరువు గ్రాములో చిన్న భాగం కూడా ఉండదు. దాన్ని అటు దాటించడానికి 400 గ్రాముల కట్టెను విసిరి, గుద్ది, ఆపుతున్నాం.

ఆ 58 వాట్లలో చాలా భాగం వేడిగా, రాపిడిగా, పెట్టె అరుగుదలగా పోతది. ధ్వనిగా పోయేది చాలా చిన్న వాటా. ఇక్కడే మన "నష్టం" అనే మాట మోసం చేస్తది. ఎందుకంటే ధ్వని విషయంలో వాట్‌లో పదో వంతు కూడా చెవికి పెద్ద భారమే. షటిల్ మగ్గాల షెడ్డుల్లో శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలు సంగతి. ఫ్యాక్టరీల నిబంధనల్లో 8 గంటల పనికి పెట్టిన హద్దు ఆ 90 డెసిబెల్సే. సిరిసిల్లలో పన్నెండు గంటల షిఫ్టులు కొత్త కాదు. ఎనర్జీ ఆడిట్‌లో లెక్కకు కూడా రాని ఆ చిన్న వాటా ముప్పై ఏండ్లు సాంచాలు నడిపిన మనిషి చెవిలో జమ అయితది. అతను ఇంట్ల టీవీ సౌండ్ పెంచుతడు, మనుమరాలు పిలిస్తే పలుకడు. ఈ జమను ఏ పుస్తకం రాయలే.

దీనికి ఇంజినీర్లు జవాబు వెతకలేదా అంటే, వెతికిండ్రు. స్విట్జర్లాండ్‌కు చెందిన సుల్జర్ కంపెనీ 1950ల్లో తెచ్చిన ప్రొజెక్టైల్ మగ్గంలో నాడె లేదు. 40 గ్రాముల చిన్న లోహపు ముక్క పోగును పట్టుకొని పోతది. సెకనుకు 25 మీటర్ల వేగం అనుకున్నా గతిజశక్తి 12.5 జౌల్స్ మాత్రమే. వేగం రెట్టింపైనా ద్రవ్యరాశి పదో వంతుకు తగ్గింది కాబట్టి ఆపేటప్పుడు పారేసే శక్తి సగం కంటే తక్కువ. తర్వాత వచ్చిన రేపియర్, ఎయిర్‌జెట్ మగ్గాలు విసిరే బరువునే తీసేసినయి. అభిఘాతాల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన పక్క జిల్లాలో పెట్టుకొని, మనం మాత్రం పుస్తకంలో ఉన్న బిలియర్డ్ బంతుల ప్రాబ్లమ్స్ చేస్తున్నాం. మనలో బిలియర్డ్ టేబుల్ ముట్టుకున్నోళ్లు ఎంతమంది?

"కొత్త మగ్గాలు పెట్టాలంటే పైసలెక్కడివి?" అని ఆసామి అడుగుతడు. "ఒక్క మనిషి ఇంకిన్ని మగ్గాలు చూసుకుంటే మా పని ఏమైతది?" అని కార్మికుడు అడుగుతడు. రెండూ న్యాయమైన ప్రశ్నలే, ఫిజిక్స్‌తో తేలేవి కావు. కానీ చెవిలో పెట్టుకునే నురుగు ప్లగ్గులకు లక్షలు అక్కర్లేదు. ఆ నాడె పెట్టెలో దెబ్బను మెత్తగా తీసుకునే భాగం మీద ఒక మినీ ప్రాజెక్ట్ చేయడానికి విదేశీ టెక్నాలజీ అక్కర్లేదు. సిరిసిల్లలో ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఉంది. స్మార్ట్ డస్ట్‌బిన్, లైన్ ఫాలోయర్ రోబో ప్రాజెక్టులు ప్రతి సంవత్సరం వస్తయి. సాంచా సప్పుడు మీద ప్రాజెక్ట్ ఎందుకు రాదు?

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. నిజామాబాద్ నుంచి ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాలకు వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి మనలో చాలామందికి రోజూ తొక్కే దారి. పసుపు, మక్కలు, వడ్ల సీజన్‌లో ఆ దారి ఎట్లుంటదో చెప్పనవసరం లేదు. చీకట్ల లైటు లేకుండా, రిఫ్లెక్టర్ స్టిక్కర్ లేకుండా రోడ్డు పక్కన ఆగిన ట్రాక్టర్ ట్రాలీ. కల్లాల జాగ లేక రోడ్డు మీద పోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు. రైతును తిట్టి లాభం లేదు, ఎండబెట్టుకునే చోటు లేకనే రోడ్డెక్కిండు. కానీ ఆ రాయికి బైక్ తగిలితే ఏమైతదో లెక్క మాత్రం మారదు.

ఆగి ఉన్న 20 టన్నుల లారీని, మనిషితో కలిపి 200 కిలోల బైక్ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గుద్దిందనుకుందాం. సెకనుకు 16.7 మీటర్లు. రెండూ అతుక్కొని కదిలితే ఉమ్మడి వేగం సెకనుకు 0.165 మీటర్లు, అంటే చీమ కంటే కొంచెం నయం. ద్రవ్యవేగం ముందు ఎంతో తర్వాత అంతే. ఫుల్ మార్కులు. గతిజశక్తి ముందు దాదాపు 27,800 జౌల్స్, తర్వాత 275 జౌల్స్. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు "నష్టం". ఆ తొంభై తొమ్మిది పాళ్లు ఎక్కడ జమ అయినయి? లారీ వెనుక ఇనుప దూలం పెద్దగా వంగదు. వంగేవి బైక్ ఫోర్క్, ట్యాంకు, మోకాలు, పక్కటెముకలు, పుర్రె.

న్యూటన్ మూడో నియమం ప్రకారం లారీకి, బైక్‌కు తగిలిన బలం సమానం. ఈ సమానత్వం చూసి మోసపోవద్దు. బలం సమానమే కానీ వేగంలో మార్పు సమానం కాదు. లారీ వేగం సెకనుకు పదహారు సెంటీమీటర్లు మారింది, బైక్ వేగం పదహారున్నర మీటర్లు మారింది.

ఇంకో లెక్క చూడండి. ఒకే బరువున్న రెండు బైకులు ఎదురెదురుగా 60 వేగంతో గుద్దుకొని ఆగిపోయినయి. మొత్తం ద్రవ్యవేగం ముందు సున్నా, తర్వాత సున్నా. ద్రవ్యవేగం పుస్తకం చదివితే అక్కడ ఏమీ జరగనట్టే ఉంటది. జరిగిందంతా గతిజశక్తి పుస్తకంలోనే ఉంది. మనం మాత్రం మొదటి పుస్తకాన్ని "నియమం" అని నెత్తిన పెట్టుకొని, రెండోదాన్ని "నష్టం" అని ఒక్క ముక్కలో వదిలేస్తున్నాం.

60 వేగం అంటే ఎంతో కండ్లకు కట్టాలంటే, అదే వేగం రావాలంటే 14 మీటర్ల ఎత్తు నుంచి కింద పడాలి, అంటే దాదాపు నాలుగంతస్తుల మేడ. 40 వేగానికి రెండంతస్తులు. 80 వేగానికి ఎనిమిదంతస్తులు. స్పీడోమీటర్ ముల్లు 40 నుంచి 80కి పోతే రెండింతలే. మేడ మాత్రం నాలుగింతలు. గ్రావెసాండ్ మట్టిలో చూసిన గుంట ఇదే.

మన దగ్గర ఇంకో నమ్మకం బలంగా ఉంది. "మా తాత స్కూటర్ ఇనుప ముద్దరా, గుద్దినా సొట్ట పడలే. ఇప్పటి బండ్లు అన్నీ ప్లాస్టిక్." బండికి సొట్ట పడలేదంటే సంతోషపడాల్సిన పని లేదు. సొట్ట పడకపోతే ఆ శక్తి ఇంకెక్కడికో పోయింది. మెర్సిడెస్ ఇంజినీరు బేలా బారెన్యీ 1951లోనే ఈ సంగతి పట్టుకొని పేటెంట్‌కు దరఖాస్తు చేసిండు. మనుషులు కూర్చునే భాగం గట్టిగా ఉండాలి, ముందు వెనుక భాగాలు నలిగిపోవాలి. 1959లో ఆ డిజైన్‌తో కారు రోడ్డెక్కింది. కారు నలిగితేనే మనిషి నలగడు. అంటే మన పరీక్షలో "నష్టం" అనే పేరుతో చిన్నబోయిన అస్థితిస్థాపకత్వమే రోడ్డు మీద మనల్ని కాపాడే దోస్తు. స్థితిస్థాపక అభిఘాతం వింటే అందంగా ఉంటది, ఏదీ పోదు కదా అనిపిస్తది. కానీ మనిషి గోడకు తగిలి బంతిలాగ అదే వేగంతో వెనక్కి ఎగిరితే ద్రవ్యవేగంలో మార్పు ఆగిపోయినప్పటి కంటే రెండింతలు. ఆ సుఖం ఎవరికీ వద్దు.

హెల్మెట్ పని కూడా ఇదే. పైన కనిపించే నున్నటి డొల్ల అసలు హీరో కాదు, లోపలి థర్మకోల్ పొర హీరో. నిలబడ్డ ఎత్తు నుంచి తల నేలకు తగిలితే వేగం సెకనుకు సుమారు 6 మీటర్లు. ఉత్త పుర్రె మూడు మిల్లీమీటర్లలో ఆగితే మందగమనం గురుత్వ త్వరణానికి దాదాపు 600 రెట్లు. థర్మకోల్ 25 మిల్లీమీటర్లు నలిగి ఆపితే 73 రెట్లు. ఆ 25 మిల్లీమీటర్ల నలుగుడే బతుకు. ఒకసారి నలిగిన థర్మకోల్ మళ్లీ లేవదు, అందుకే ఒక గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ మార్చాలి. పట్టీ పెట్టుకోకపోతే తల కంటే ముందు హెల్మెట్ పోతది కాబట్టి లెక్కే లేదు. ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్ ట్యాంకునే కాపాడుతది. 2021 జూన్ 1 నుంచి దేశంలో ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ తయారు చేసినా అమ్మినా తప్పే. అయినా రోడ్డు పక్కన కర్రకు వేలాడే రెండు వందల టోపీలు కొంటూనే ఉన్నాం. చలాన్ కెమెరాకు టోపీ చాలు. నేలకు చాలదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయిండ్రు. అందులో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద పోయినోళ్లే. హెల్మెట్ పెట్టుకోక పోయినోళ్లు 50,029 మంది, వాళ్లలో వెనుక కూర్చున్నోళ్లు 14,337 మంది. వెనుక కూర్చున్న మనిషికి కూడా హెల్మెట్ తప్పనిసరి అని చట్టం చెప్తది. మన కాలేజీ గేటు ముందు ఒక పది నిమిషాలు నిలబడితే ఎంతమంది పాటిస్తున్నరో లెక్క తేలిపోతది.

కొండగట్టు సంగతి రాయకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. రాయడం కష్టమే. 2018 సెప్టెంబర్ 11న ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడింది. బస్సులో దాదాపు వంద మంది ఉన్నరు. అరవై మందికి పైగా చనిపోయిండ్రు. చుట్టుపక్కల ఊర్లలో ఒక్కో ఇంట్ల ఇప్పటికీ ఆ తేదీ మానలేదు. తప్పు ఎవరిది అని తేల్చడం నా పని కాదు. భౌతికశాస్త్రం చెప్పేది మాత్రం చెప్పాలి. ఏ బస్సు ప్రమాదంలోనైనా అభిఘాతం ఒకటి కాదు, మూడు. బస్సు నేలకు తగలడం మొదటిది. బస్సు ఆగినా లోపలి మనిషి తన ద్రవ్యవేగంతో ముందుకు పోయి సీటుకో, కడ్డీకో, పక్క మనిషికో తగలడం రెండోది. దేహం ఆగినా లోపలి అవయవాలు కదిలి ఎముకలకు తగలడం మూడోది. సీటు ఉన్న మనిషికి ముందు సీటు వెనుక భాగం కొంచెమైనా ఆపుతది. నిలబడ్డ మనిషిని ఆపేది ఇంకో మనిషే. కిక్కిరిసిన బస్సులో మనుషులే ఒకరికొకరు అభిఘాతాలు. "సర్దుకోండి, ఇంకొక్కరు" అన్న మాట వెనుక ఈ లెక్క ఉంది. కూలీలను నిలబెట్టి తీసుకుపోయే ట్రాలీ ఆటోలోనూ, మనం ఫుట్‌బోర్డ్ మీద వేలాడే బస్సులోనూ ఇదే లెక్క.

నాకు తెలుసు, మీలో కొందరు అంటరు: "సిలబస్ సిలబసే, సేఫ్టీ పోలీసోళ్ల పని. ఫిజిక్స్ పేపర్‌లో హెల్మెట్ ఎందుకు?" ఇంకొందరు అంటరు: "రాసి పెట్టి ఉంటే ఇంట్ల కూర్చున్నా పోతరు." రెండో మాటకు జవాబు చిన్నది. రాత ఏమో గాని వేగం వర్గం మాత్రం నా చేతిలో, యాక్సిలరేటర్ మీద ఉంది. మొదటి మాటలో కొంత బలముంది. పాఠం ముందు సూత్రం నేర్పాలి, నిజమే. స్థితిస్థాపకం, అస్థితిస్థాపకం అని ఆదర్శ ఉదాహరణలతో మొదలుపెట్టకపోతే లెక్క చేయడం రాదు. కానీ అక్కడే ఆపేస్తే అది సగం పాఠం. "నష్టం ఎంత" అన్న ప్రశ్న కింద "ఆ శక్తి ఎక్కడ చేరింది, ఎవరు మోసిండ్రు" అని ఇంకో రెండు మార్కుల ప్రశ్న పెడితే సిలబస్ ఏమీ పెరగదు. పిల్లల ఆలోచన మాత్రం పెరుగుతది. బట్టీ పట్టిన నియమం మరిచిపోతాం గాని, నలిగిన థర్మకోల్ ముక్కను చేతిలో పట్టుకొని చూసినోడు మరిచిపోడు.

టీచర్లు పెట్టేదాక ఆగాల్సిన పని కూడా లేదు. మన చేతిలో ఉన్నవి నాలుగు చెప్తా. ల్యాబ్‌లో మట్టి ముద్ద, స్టీల్ గోళీ, స్కేలు చాలు, గ్రావెసాండ్ ప్రయోగం మనమే చేసి గుంట కొలవొచ్చు. ఎన్ఎస్ఎస్ వాళ్లు వరికోతల సీజన్‌లో ఒక రోజు కోరుట్ల రోడ్డు మీద నిలబడి ట్రాలీలకు రిఫ్లెక్టర్ టేపు అంటించొచ్చు, చీకట్ల మెరిసే ఆ టేపుతో బ్రేకు ముందే పడ్తది. సిరిసిల్ల దోస్తులు ఒక షెడ్డులో శబ్దం కొలిచి, ప్లగ్గులు పెట్టుకున్నంక ఎంత తగ్గిందో అక్కడి కార్మికులకే చూపించొచ్చు. నాలుగోది అందరికీ: వెనుక కూర్చున్న దోస్తుకు కూడా హెల్మెట్, పట్టీ టిక్కుమని సప్పుడొచ్చేదాక.

ఇంజినీర్ అంటే శక్తిని మాయం చేసేటోడు కాదు, అది ఎక్కడ చేరాలో నిర్ణయించేటోడు. మనం నిర్ణయించకపోయినా అది ఎక్కడో చేరుతది. సిరిసిల్లలో చెవిలో చేరుతది, రోడ్డు మీద ఎముకలో చేరుతది. వచ్చే మిడ్ పరీక్షలో "గతిజశక్తి నష్టం" అని రాసేటప్పుడు, ఆన్సర్ కింద రెండు గీతలు కొట్టే ముందు ఒక్క క్షణం ఆగి మనసులో ఇంకో లైన్ రాసుకోండి. మార్కులు రావు. అయినా రాసుకోండి.